పుర్ర చెయ్యి: ఒక ఓటీ ఇంటర్న్ కేస్ స్టడీ

ఈ కేసులో తప్పు నాది, సూది గుచ్చుకున్నది మా ఇంటర్న్‌కి. అందుకే రాస్తున్నాను. ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నాలజిస్టులకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు, అందులోనూ "మేం నేర్పినంత నేర్పాం, రాకపోతే ఆ పిల్లల ఖర్మ" అనుకునే నాలాంటి పాతకాపులు చదివితే చాలు.

నేను కోస్తాలో ఒక టీచింగ్ హాస్పిటల్లో పని చేస్తున్నాను. థియేటర్లో అడుగుపెట్టి 17 ఏళ్లు. మూడేళ్ల బీఎస్సీ అయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ కోసం ఏటా కొందరు పిల్లలు మా దగ్గరికి వస్తారు. వచ్చేటప్పటికి వాళ్లకి పరికరాల పేర్లన్నీ నోటికి వచ్చేసి ఉంటాయి, పరికరాలని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ ఎంత అంటే 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్ అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చేతికి మాత్రం ఏమీ వచ్చి ఉండదు. బల్ల మీద పరిచిన పరికరాలు చూసి పేర్లు రాయడమే ప్రాక్టికల్ అయినప్పుడు ఎలా వస్తుంది.

ఆ అమ్మాయిని ఇక్కడ పాప అంటాను, థియేటర్లో అందరం అలాగే పిలిచేవాళ్లం. పల్నాడు వైపు ఊరు. తక్కువ మాటలు, మంచి మార్కులు. మొదటి వారం స్క్రబ్ (ఆపరేషన్ ముందు చేతులు కడుక్కోవడం), గౌను, గ్లవ్స్ నేర్పాం. చేతులు మోచేతుల కంటే పైనే ఉంచి నీళ్లు మోచేతుల మీదుగా కిందికి కారనివ్వడం, గౌనులో ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు దాకా ముందుభాగమే స్టెరైల్ (క్రిములు లేనిది), వీపు కాదు అన్న లెక్క, ఇవన్నీ ఒక్కసారి చెప్తే చాలు, రెండోసారి చెప్పించుకోలేదు. ఈ బ్యాచ్‌లో పనిమంతురాలు ఈ పిల్లే అని మా సిస్టర్‌తో అన్నాను కూడా.

రెండో వారం టేబుల్ దగ్గర నిలబెట్టాం. అక్కడ మొదలైంది.

సార్ చెయ్యి చాచేవారు. పాప చెయ్యి కదిలేది, సగంలో ఆగేది, ఆ తర్వాత రెండో చెయ్యి వచ్చి పరికరం అందుకుని ఇచ్చేది. అంతా కలిపి ఒక్క సెకను కూడా ఉండదు. కానీ పొట్ట తెరిచి ఉన్నప్పుడు ఆ సెకను సర్జన్‌కి తెలుస్తుంది, చాచిన చెయ్యి ఖాళీగా ఉంటే ఆయన కళ్లు గాయం మీద నుంచి పైకి లేస్తాయి. నేను దాన్ని టెన్షన్ అనుకున్నాను. "టెన్షన్ పడకమ్మా" అని రోజుకి పదిసార్లు చెప్పాను. టెన్షన్ లేనివాళ్లకి కూడా పదిసార్లు అలా చెప్తే వస్తుంది, అది వేరే సంగతి.

ఒకరోజు ఆ సగంలో ఆగడం ఆగలేదు, ఎడమ చేత్తోనే ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాలు నొక్కిపట్టే పరికరం) ఇచ్చేసింది. మా సార్ పెద్దాయన, మంచివారే, నోరు మాత్రం కొంచెం దురుసు. "ఎడమ చేత్తో ఇస్తావేంటమ్మా, ఇంటికి వచ్చినవాళ్లకి మంచినీళ్లు కూడా ఇలాగే ఇస్తావా?" అన్నారు. టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం పాపని పిలిచి, రేపటినుంచి ఏదైనా కుడి చేత్తోనే ఇవ్వాలి అని గట్టిగా చెప్పాను. తల ఊపింది.

మూడో వారం, గురువారం. కుడివైపు హెర్నియా, మెష్, అంటే వల లాంటి గుడ్డ, వేస్తున్నారు. పాప స్క్రబ్ అయింది, నేను కూడా పక్కనే స్క్రబ్ అయి నిలబడ్డాను, మొదటి నెలంతా అలాగే నిలబడతాం. మెష్ కుట్టడానికి 2-0 ప్రోలీన్, అంటే సూదితో కలిసి వచ్చే కుట్టు దారం, అడిగారు. పాప సూదిని నీడిల్ హోల్డర్ (సూదిని పట్టుకునే పరికరం) మూతికి ఎక్కించి ఇచ్చింది. సార్ చూసి, "తిరగబడింది, తిప్పి ఇవ్వు" అని వెనక్కి ఇచ్చారు. మళ్లీ ఇచ్చింది. మళ్లీ తిరగబడే ఉంది. ఈసారి సార్ ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంచారు. ఆ చాచిన చెయ్యి తిట్టుకంటే ఎక్కువ తొందరపెడుతుంది. పాప నీడిల్ హోల్డర్ కుడి చేతిలో పట్టుకుని, లాక్ వదులు చేసి, సూదిని ఎడమ చేతి వేళ్లతో తిప్పబోయింది. హోల్డర్ జారింది.

"సార్, గ్లవ్ చిరిగింది, మారుస్తాను" అంది నాతో. గొంతు మామూలుగానే ఉంది. చూపుడువేలు కొస దగ్గర, గ్లవ్ లోపల, ఆవగింజంత ఎరుపు కనబడింది. కనబడకపోయి ఉంటే ఆ అమ్మాయి గ్లవ్ మార్చుకుని వచ్చి అక్కడే నిలబడేది, ఎవరికీ చెప్పేది కాదు, అందులో నాకు అనుమానం లేదు. ఇంటర్న్‌లు సూదిపోటు దాచేస్తారు. చెప్తే ఓటీలోంచి తీసేస్తారనో, మార్కులు పోతాయనో భయం.

టేబుల్ నేను తీసుకున్నాను. ఆ సూదిని పారేయకుండా పక్కన కౌంట్ (వాడిన సూదులన్నీ ఉన్నాయా అని చివర్లో చూసే లెక్క) కోసం పెట్టించి, కొత్త ప్రోలీన్ తెరిపించాను. పాపని సిస్టర్ బయటికి తీసుకెళ్లి సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగించింది. పిండకూడదు, నోట్లో అసలే పెట్టుకోకూడదు. పేషెంట్‌కి ఆపరేషన్ ముందు చేసిన హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ నెగెటివ్ ఉన్నాయి కాబట్టి మందులు అక్కర్లేదని డాక్టర్ గారు చెప్పారు. పాజిటివ్ అయి ఉంటే హెచ్‌ఐవీ మందు వీలైతే 2 గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే మొదలుపెట్టినా ఫలితం ఉండదు. పాపకి హెపటైటిస్ బి టీకా రెండు డోసులే పడ్డాయని అప్పుడు బయటపడింది, ఆరో నెల డోసు ఇంకా మిగిలే ఉంది. మూడూ పడనిదే టేబుల్ దగ్గర నిలబెట్టకూడదని నాకు తెలుసు, కార్డు అడగలేదు, అది నా రెండో తప్పు.

కేసు అయ్యాక బయటికి వెళ్తే సింక్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "నీడిల్ కౌంట్ సరిపోయిందా సార్?"

మర్నాడు పొద్దున లినెన్ రూమ్‌లోకి వెళ్లాను. మా ఆయమ్మ షీట్లు మడతపెట్టి ఆటోక్లేవ్ డ్రమ్ములకి సిద్ధం చేస్తోంది. ఇంటర్న్‌లు కూడా వారానికి రెండు రోజులు అక్కడ మడతలు నేర్చుకుంటారు. సూది సంగతి అప్పటికే ఆమెకి తెలిసిపోయింది, మా దగ్గర వార్త ఆయమ్మ దాటి పోదు. "ఆ పిల్లది పుర్ర చెయ్యి కదా సారూ, మీరు చూళ్లేదా?" అంది. కాదే, రిజిస్టర్‌లో సంతకం కుడి చేత్తోనే పెడుతుంది, క్యాంటీన్‌లో అన్నం కుడి చేత్తోనే తింటుంది అన్నాను. "సంతకం సంగతి నాకు తెలీదు. ఆ పిల్ల మడతపెట్టిన షీట్ల కుచ్చిళ్లన్నీ అవతలి పక్కకి పోతాయి. నేను మళ్లీ విప్పి పెట్టుకుంటున్నా."

పాపని అడిగితే కాసేపు నేల చూసి చెప్పింది. చిన్నప్పుడు పలక మీద రాసేటప్పుడు నాయనమ్మ ఎడమ చేతికి గుడ్డ కట్టేదట. అలా రాత, తిండి కుడికి మారాయి. ముగ్గు, చాకు, సూదిదారం, తాళంచెవి అన్నీ ఎడమే. "అప్లికేషన్‌లో ఎక్కడా అడగలేదు సార్. మీరు కుడి చేత్తో ఇమ్మన్నారు కదా, అలవాటైపోతుందిలే అనుకున్నా."

నిజంగానే ఎక్కడా అడగలేదు. మా లాగ్‌బుక్‌లో బ్లడ్ గ్రూపు నుంచి తండ్రి ఉద్యోగం దాకా గడులున్నాయి, ఏ చేతి వాటమో రాసే గడి లేదు. పదిమందిలో సుమారు ఒకరిది ఎడమ చేతి వాటం. అంటే ఈ 17 ఏళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లల్లో వీళ్లు చాలామందే ఉండి ఉంటారు. వాళ్లలో ఎందరికి "చురుకు లేదు" అని రాసిచ్చానో, ఇప్పుడు తల్చుకుంటే చిరాగ్గా ఉంటుంది.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఆ వారమే తగిలింది. నేను స్వయంగా స్క్రబ్ అయిన ఒక కేసులో పాపని వెనక నిలబెట్టి, నేను ఏ చేత్తో ఏం చేస్తున్నానో కాగితం మీద గీతలు పెట్టమన్నాను. కుడి చేత్తో ఎలా ఇవ్వాలో చూసి నేర్చుకుంటుందని నా ఉద్దేశం. కేసు అయ్యాక కాగితం చూపించింది. సార్ పక్కన, ఆయన కుడి చేతి వైపు నిలబడ్డంతసేపూ నేను దాదాపు అన్నీ ఎడమ చేత్తోనే ఇచ్చాను.

నమ్మలేదు. తర్వాతి కేసులో గమనించుకున్నాను, నిజమే. ఆలోచిస్తే తేలికే: సర్జన్ ఉన్నవైపే ఆయన కుడి పక్కన, పేషెంట్ కాళ్ల వైపు నిలబడితే నా ఎడమ చెయ్యే ఆయన చేతికి దగ్గర. కుడి చేత్తో ఇవ్వాలంటే చెయ్యి ఒంటికి అడ్డంగా తిప్పాలి, మోచెయ్యి పరికరాలు పెట్టుకునే మాయో ట్రాలీ మీదకి వస్తుంది. ఎదురుగా, అసిస్టెంట్ పక్కన నిలబడితే అప్పుడు కుడి దగ్గరవుతుంది. దగ్గరున్న చేత్తో ఇవ్వాలి, అసలు రూలు అదే, దాన్ని నేను పాటిస్తూనే ఉన్నాను, నేర్పేటప్పుడు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే రూలు చెప్పాను. మరి సార్ నన్ను ఒక్కసారీ ఎందుకు అనలేదంటే, నా చెయ్యి ఆగదు కాబట్టి ఆయన దాన్ని ఎప్పుడూ చూడలేదు. పాప చెయ్యి తడబడింది, అందుకని కనబడింది.

ఇవ్వడం అలా తేలిపోయింది. సూది ఎక్కించడం అంత తేలిక కాదు, అక్కడ ఎడమ చేతి వాటం నిజంగానే అడ్డు వస్తుంది. కొంచెం వివరంగా చెప్తాను.

నీడిల్ హోల్డర్ మూతి చివరన సూదిని పట్టుకోవాలి. దారం ఉన్న చివరనుంచి సుమారు మూడో వంతు దగ్గర, కొస వైపు మూడింట రెండు వంతులు వదిలి. సర్జన్ కుడి చేతి వాటమైతే, ఆయన హోల్డర్ పట్టుకున్నప్పుడు సూది కొస ఆయన ఎడమ వైపుకి, పైకి చూస్తూ ఉండాలి. అలా ఉంటే అందుకున్న చెయ్యి అందుకున్నట్టే కుట్టులోకి వెళ్తుంది. కుడి చేతి వాటం పిల్లలు హోల్డర్ కుడి చేత్తో పట్టుకుని ఎక్కిస్తారు కాబట్టి వాళ్ల చేతిలో సరిగ్గా ఉంటే సర్జన్ చేతిలోనూ సరిగ్గా ఉంటుంది. ఎడమ చేత్తో ఎక్కిస్తే, తన చేతికి వాటంగా ఉన్నది సర్జన్ చేతికి అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. పాప తప్పు ఎక్కించలేదు. ఎడమ చేతి సర్జన్‌కి సరిగ్గా సరిపోయేలా ఎక్కించింది.

దీనికి తోడు లాక్. ఆర్టరీ, నీడిల్ హోల్డర్, అలిస్ (ఇంకో రకం పట్టుకారు), కత్తెర, మా సెట్లో ఉన్నవన్నీ కుడి చేతి కోసం చేసినవే. కుడి చేతిలో బొటనవేలు కొద్దిగా బయటికి నెడితే లాక్ విడిపోతుంది. అవే ఎడమ చేతిలో పెట్టుకుని అలాగే నెడితే పళ్లు ఇంకా బిగుసుకుంటాయి. బొటనవేలుని లోపలికి, అరచేతి వైపు లాగాలి. కత్తెర కూడా అంతే, ఎడమ చేత్తో మామూలుగా కత్తిరిస్తే రెండు అంచులూ దూరం జరిగి దారం నలుగుతుంది గానీ తెగదు. నమ్మకపోతే ఒక ఆర్టరీ తీసుకుని ఎడమ చేత్తో విప్పి చూడండి, నాకు మొదటిరోజు పదోసారికి గానీ రాలేదు.

మధ్యాహ్నం ఆపరేషన్ల లిస్టు అయ్యాక, 3 గంటలకి, ఖాళీగా ఉండే మైనర్ ఓటీలో కూర్చున్నాం. ఆరు వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకి గంట. డేటు అయిపోయిన సూచర్ (కుట్టు దారం) ప్యాకెట్లు స్టోర్ నుంచి రాయించుకుని తెచ్చి, మంచివాటిలో కలవకుండా ప్రతిదాని మీద ఎర్ర మార్కర్‌తో ట్రైనింగ్ అని రాశాను. సెట్లలోంచి తీసేసిన పాత పరికరాలు ఒక ట్రేలో పెట్టాం. నేను సర్జన్‌ని, కళ్లు ఎదురుగోడ మీద, చెయ్యి చాచి.

మొదటిరోజు 20 సూదుల్లో 13 తిరగబడ్డాయి. కుడి చేత్తో ఎక్కించమంటే వణుకు, ఎడమ చేత్తో అయితే తిరగబడటం. రెండు రోజులు ఎటూ తేలలేదు. మూడోరోజు పాపే ఒక పని చేసింది: ఎడమ చేత్తోనే ఎక్కించి, ఇచ్చేముందు హోల్డర్‌ని ఒక్కసారి తన కుడి చేతిలోకి తీసుకుని సర్జన్ పట్టుకున్నట్టే పట్టుకుని చూసుకుంది. కొస ఎడమ పక్కకి ఉంటే ఇవ్వడం, లేకపోతే పళ్లున్న చిమటా, అంటే టూత్డ్ ఫోర్సెప్స్‌తో సూదిని పట్టుకుని మార్చడం. వేళ్లు సూదిని తాకవు, ఎంత తొందరైనా సరే. మొదట్లో ఈ చూసుకోవడానికి రెండు మూడు సెకన్లు పట్టేది. సూది ముందే ఎక్కించి పెట్టుకుంటే ఆ సెకన్లు సర్జన్‌వి కావు, అందుకని ఒక సూది వాడుతుండగా రెండోది సిద్ధంగా ఉంచడం మొదలుపెట్టాం. మూడో వారానికల్లా ఆ చూసుకోవడం దానంతట అదే తగ్గిపోయింది, చేతికి తెలిసిపోయింది.

బ్లేడు విషయంలో చేతివాటం గొడవే రానివ్వలేదు. వేళ్లతో కాకుండా ఆర్టరీతో పట్టుకునే హ్యాండిల్‌కి ఎక్కించాలి, 3 నంబర్ హ్యాండిల్‌కి 10, 11, 15 బ్లేళ్లు, 4 నంబర్‌కి 20 నుంచి పైవి. ఇచ్చేది కిడ్నీ ట్రేలో, చేతికి కాదు. ఈ పద్ధతి అందరికీ ఉంటే మంచిదే, పాప పుణ్యాన మా మిగతా స్టాఫ్ కూడా మళ్లీ దారిలోకి వచ్చారు.

ఒకటి మాత్రం బెడిసికొట్టింది. ట్రాలీ మొత్తం అద్దంలోలా మార్చి సర్దుకుంటానంది, సరే అన్నాను, ఇంత తెలిశాక కాదంటే బాగోదని. వారం రోజులు బాగానే నడిచింది, చెయ్యి వేగం పెరిగింది. ఒక మధ్యాహ్నం కేసు మధ్యలో డ్యూటీ మారింది, సిస్టర్ వచ్చి టేబుల్ తీసుకుంది. కత్తెరలు ఉండాల్సిన చోట సూదులున్నాయి. సిస్టర్ కంగారుపడి, చివరికి అన్నీ మళ్లీ లెక్కపెట్టించి, బయటికొచ్చాక నన్ను కడిగి పారేసింది. ఆమెదే న్యాయం. టేబుల్ ఒక్కరిది కాదు, ఎవరొచ్చి నిలబడినా చూడకుండా చెయ్యి వేస్తే దొరకాలి, సూదుల చోటు అసలే మారకూడదు. మర్నాటినుంచి సర్దడం అందరిలాగే. పాపకి నచ్చలేదు, ముఖంలో కనబడింది. నేను వెనక్కి తగ్గలేదు.

సార్‌తో మాట్లాడటం ఆఖరికి పెట్టుకున్నాను, ధైర్యం కావాలి కదా. టీ తాగుతుండగా చెప్పాను, పాపది ఎడమ చేతి వాటం సార్, ఇవ్వడం ఎడమ చేత్తోనే ఇస్తుంది, సూది సరిగ్గా వస్తుంది, అది నా పూచీ అని. "అలా ఎలాగయ్యా, అలవాటు చెయ్యాలి గానీ" అన్నారు. "సార్, 17 ఏళ్లుగా నేనూ మీకు ఎడమ చేత్తోనే ఇస్తున్నాను" అన్నాను. కప్పు కింద పెట్టి నా వంక చూశారు. తర్వాతి కేసు మొదలయ్యాక, ప్రతి పరికరానికీ నా చెయ్యి వైపు ఓరగా చూడటం తెలుస్తూనే ఉంది. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆ తర్వాత పాపని ఏమీ అనలేదు. మెచ్చుకోనూ లేదు, ఆయన పద్ధతి అంతే.

మా దగ్గరికి అప్పుడప్పుడు వచ్చే ఒక ఆర్థో సర్జన్‌ది ఎడమ చేతి వాటం. ఆయన లిస్టు ఉన్నరోజు మేమందరం సూదులు తిప్పి ఎక్కిస్తాం, ఎవరూ ఒక్క మాట అనరు, అనాలని కూడా తోచదు. సర్జన్‌ది ఎడమైతే థియేటర్ మొత్తం మారుతుంది, ఇంటర్న్‌ది ఎడమైతే ఇంటర్నే మారాలి. ఇన్నేళ్లు ఇది నా కళ్ల ముందే ఉంది. ఆయన కేసుల్లో పాపని స్క్రబ్ చేయిస్తే మొదటి సూది నుంచీ సరిగ్గానే వెళ్లింది, అదేదో పెద్ద విద్య అన్నట్టు మిగతా ఇంటర్న్‌లు చూశారు.

నాలుగో నెల చివరికి పాప హెర్నియా, అపెండిక్స్, థైరాయిడ్ కేసులు నేను పక్కన లేకుండా చేసింది. సూది తిరగబడటం పూర్తిగా పోలేదు, బాగా అలిసిపోయిన రోజు, వరుసగా నాలుగో కేసులో, ఒకటో రెండో వస్తాయి, తనే చూసుకుని మార్చుకుంటుంది. సూదిపోటు మళ్లీ కాలేదు. రక్తపరీక్షలు అన్నీ మామూలుగానే వచ్చాయి, మూడో డోసు టీకా నేనే తీసుకెళ్లి వేయించాను.

ఇప్పుడు కొత్త బ్యాచ్ వచ్చింది. లాగ్‌బుక్‌లో చేతివాటం గడి మేమే పెన్నుతో గీసి పెట్టాం, కానీ దాన్ని నమ్మడం లేదు. అడిగితే అందరూ కుడి అనే రాస్తారు, పాప కూడా అలాగే రాసేది. అందుకని మొదటిరోజే ఇంటర్న్‌లందరినీ లినెన్ రూమ్‌కి పంపి షీట్లు మడతపెట్టమంటాం, గాజ్ కత్తిరించమంటాం, ఆయమ్మ చూస్తుంది. ఈసారి ఒక అబ్బాయిని పట్టుకుంది. వాడు ఒప్పుకోలేదు, మాస్క్ తాడు కట్టుకునేటప్పుడు దొరికిపోయాడు.

వాడి కోసం, ఇకముందు వచ్చేవాళ్ల కోసం, ఎడమ చేతి కత్తెర ఒకటి, నీడిల్ హోల్డర్ ఒకటి కావాలని స్టోర్ వాళ్లకి ఇండెంట్ (కావలసినవాటి చీటీ) పెట్టాను. రెండు నెలలైంది. మొన్న స్టోర్ నుంచి ఫోన్ వచ్చింది, "సార్, ఎడమ చేతి కత్తెర అని రాశారు, ఎడమ చేతికి వేరే కత్తెర ఉంటుందా, లేక మీరేమైనా పొరపాటున రాశారా?" అని.